ఆదివారం పాట, సోమవారం సంతకం – రెండూ నావే

గోడగడియారం · సోమవారం రాత్రి 10:40

అందరికీ వందనాలు. రెండేళ్లుగా ఇక్కడ చదువుతున్నాను కానీ రాసింది తక్కువ. ఈరోజు రాయకపోతే నిద్ర పట్టేలా లేదు.

నేను ఒక ఫ్యాక్టరీలో క్వాలిటీ విభాగంలో పనిచేస్తాను. బయటి నుంచి వచ్చే బుష్‌లు, పిన్‌లు కొలిచి, బాగున్నాయని సంతకం పెడితేనే స్టోర్‌లోకి వెళ్తాయి. ఒక్కో లాట్‌లో, అంటే ఒకేసారి వచ్చిన సరుకులో, ఇరవై ముక్కలు తీసి కొలవాలని రూలు. మేం ఎనిమిది కొలుస్తాం. మిగతా పన్నెండు గడులు కూర్చుని నింపేస్తాం. 25.01, 25.03, 25.02... అన్నీ ఒకేలా ఉంటే ఆడిట్‌లో అనుమానం వస్తుందని చివరి అంకె మార్చి మార్చి రాస్తాం. నేను చేరకముందు నుంచీ ఇదే పద్ధతి. టైమ్ ఉండదు, పైనుంచి ఒత్తిడి, మామూలే.

సంఘంలో పదకొండేళ్లుగా నేనే ఆరాధన పాటలు నడిపిస్తున్నాను. మా డిపార్ట్‌మెంట్‌లో కొత్తగా చేరిన కుర్రాడు నిన్న ఎవరో పిలిస్తే మా సంఘానికి వచ్చాడట. నేను చూడలేదు. ఈరోజు పొద్దున షీట్ పట్టుకొచ్చాడు, ఇరవై గడులూ నిండి ఉన్నాయి. "అన్నా, నిన్న పాట ఎంత బాగా పాడావో! నాకు ఏడుపొచ్చేసింది" అన్నాడు. అదే గుక్కలో, "ఇదిగో, ఇక్కడ సంతకం పెట్టు" అన్నాడు.

పెట్టాను.

వాడు వెటకారంగా అని ఉంటే బాగుండేది. వాడి ముఖంలో అలాంటిదేమీ లేదు. ఆ పాటకీ ఈ సంతకానికీ మధ్య ఏదో తేడా ఉందని వాడికి తోచనే లేదు. ఎలా తోస్తుంది? గడులు అలా నింపడం పోయిన నెల వాడికి నేర్పింది నేనే.

"క్రీస్తులో సంపూర్ణ జీవితం" అని ఎన్ని ప్రసంగాలు విన్నానో. నాకున్నవి మాత్రం రెండు జీవితాలు. ప్రార్థన లేక కాదు, రోజూ 5 గంటలకే లేస్తాను. ఈ రెండూ ఒకటి కావడమంటే ఏమిటి? దయచేసి ఒక వాక్యం రాసి "ఆమేన్" అని వెళ్లిపోకండి.

---

కొత్తచిగురు · సోమవారం రాత్రి 10:58

బ్రదర్, ఇది శత్రువు వేసిన ఎత్తు. మిమ్మల్ని నేరభావనలో పడేసి ఆరాధన ఆపించాలని చూస్తున్నాడు. ఉపవాసంతో గట్టిగా పట్టుకోండి. మీ కోసం ప్రార్థిస్తున్నాం.

---

అనుమానం_తోమా · సోమవారం రాత్రి 11:15

సిస్టర్, మీ ప్రార్థనను తక్కువ చేయను. కానీ ఆయన ఉపవాసం ఉంటే ఆ పన్నెండు ముక్కలు ఎవరు కొలుస్తారు?

ఆమోసు 8:5 చూడండి. ఆ వ్యాపారులు విశ్రాంతిదినం మానినవాళ్లు కారు. ఆరోజు దుకాణం మూసి బుద్ధిగా కూర్చున్నారు. కూర్చుని, "ఇదెప్పుడు అయిపోతుందా, కొలత తగ్గించి ఎప్పుడు అమ్ముదామా" అని లెక్కలేసుకున్నారు. వాళ్లకు భక్తి లేదని ప్రవక్త అనలేదు. ఆ భక్తి పక్కరోజు దాకా రాలేదన్నదే ఆయన ఫిర్యాదు. శత్రువు మీదకు తోసేస్తే మనకు హాయిగానే ఉంటుంది, కానీ ఆ అంకెలు రాసింది శత్రువు కాదు కదా.

---

పాతబల్ల · మంగళవారం ఉదయం 6:20

గోడగడియారం గారు, వాక్యం రాసి వెళ్లిపోవద్దన్నారు. నేను వాక్యమే రాస్తాను గానీ వెళ్లను. రిటైరైన మనిషిని, కావలసినంత తీరిక ఉంది.

"షాలోమ్"ని మనం సమాధానం అని తర్జుమా చేసుకుంటాం. దాని మూలంలో ఉన్నది "షాలేమ్", అంటే పగుళ్లు లేనిది, మొత్తంగా ఉన్నది. ఈ మాట ద్వితీయోపదేశకాండంలో రెండు అధ్యాయాల ఎడంలో రెండుచోట్ల రాళ్ల గురించి వస్తుంది. 27:6లో బలిపీఠం కట్టే రాళ్ల గురించి. ఉలి తగలని, విరగని రాళ్లు కావాలి. 25:15లో తూకపు రాళ్ల గురించి. సంచిలో పెద్దదొకటి, చిన్నదొకటి ఉండకూడదు, నిండైనదే ఉండాలి. మన అనువాదంలో రెండుచోట్లా వేర్వేరు మాటలు పడ్డాయి కాబట్టి మనకు తెలియదు. హెబ్రీలో రెండూ ఒకే మాట. బలిపీఠం రాయికి ఏ గుణం కావాలో సంతలో తూకపు రాయికీ అదే గుణం కావాలి.

నలభై ఏళ్లు బైబిల్ చదివాక గానీ ఇది నా కంట పడలేదు. అప్పటిదాకా నా సంచిలోనూ రెండు రాళ్లున్నాయి. అవేమిటో ఇక్కడ చెప్పను.

మీరు ముక్కలు కొలిచే వెర్నియర్ కూడా తూకపు రాయే. మీరు పాడే చోటు బలిపీఠమైతే, ఆ ఇన్‌స్పెక్షన్ బల్లా అంతే. అక్కడ దేవుణ్ణి తలచుకుంటూ పని చేయాలని నేను అనడం లేదు, అది తర్వాతి సంగతి. ముందు కొలత నిండుగా ఉండాలి.

ఇంకొకటి. "వేషధారులారా" అని యేసు ఎవరిని గద్దించాడో మీకు తెలుసు. గ్రీకులో ఆ మాటకు అర్థం రంగస్థల నటుడు. తెలుగులో అది అచ్చంగా కుదిరింది. వేషం వేసేవాడికి తాను వేషంలో ఉన్నానని తెలుసు, తెర దించాక రంగు కడుక్కుంటాడు. మన ఇబ్బంది ఏమిటంటే, పదకొండేళ్లు వేసిన వేషం ఏ పక్కదో మనకే గుర్తుండదు. పాడేవాడు వేషమా, సంతకం పెట్టేవాడు వేషమా? ఈ ప్రశ్న మీకు నిద్ర పట్టనివ్వలేదంటే మంచిదే.

---

నైట్‌డ్యూటీ · మంగళవారం ఉదయం 8:05

డ్యూటీ దిగి బస్సులో చదివాను. పాతబల్ల అయ్యగారి రాళ్ల మాట బాగుంది, స్క్రీన్‌షాట్ తీసుకున్నాను. కానీ నాకొక పేచీ ఉంది.

నేను నర్సుని. మీ గడులు చదవగానే నా వార్డు కళ్లముందుకొచ్చింది. రాత్రి రెండు గంటలకోసారి బీపీ, పల్స్ చూసి చార్టులో రాయాలి. ముప్పై మంది పేషెంట్లకు ఇద్దరం. తెల్లారి 4 అయ్యేసరికి అందరివీ ఒకలాగే ఉంటాయి, 120/80, 118/78. నిద్రపోతున్న మనిషిని మళ్లీ లేపడం దేనికని రాసేస్తారు. నేనూ రాశాను, దాచడం ఎందుకు? ఒకరోజు అలా రాసిన బెడ్ దగ్గరకు వేరే పని మీద వెళ్తే ఆమె చేయి చల్లగా, చెమటగా ఉంది. నాడి పట్టుకున్నాను. నేను చార్టులో రాసిన అంకెకూ నా వేళ్ల కింద కొట్టుకుంటున్నదానికీ పొంతన లేదు. దేవుని దయవల్ల డాక్టర్ దగ్గర్లోనే ఉన్నారు. ఆమె బతికింది. ఆ రోజు నుంచి నేను చేయి పట్టుకోకుండా అంకె రాయలేదు.

ఇక నా పేచీ. "ఏమి చేసినా ప్రభువు నిమిత్తమే" (కొలొస్సయి 3:23) అన్న మాట మా దగ్గర మరోలా వాడతారు. మనుషులు చాలరు, డబుల్ డ్యూటీ చేయండి, ఇది సేవ కదా సిస్టర్, దేవుడు చూస్తాడు అని. ఆ వాక్యం దాసులకు రాసిందని, దాని వెంటే 4:1లో యజమానులకు "న్యాయంగా, సమానంగా ఇవ్వండి" అని రాసి ఉందని ఎవరూ చదవరు. ఇద్దరు చేసేచోట ఎనిమిది మంది పని పెట్టి, తప్పు జరిగితే నా విశ్వాసం పగిలిపోయింది అనుకోవాలా? గోడగడియారం అన్నా, మీకు ఇరవై కొలిచే టైమ్ ఇచ్చారా లేదా అన్నది కూడా ఆత్మీయ ప్రశ్నే. ద్వితీయోపదేశకాండం 5లో విశ్రాంతి ఆజ్ఞ పనివాళ్లకీ, పశువులకీ కూడా కలిపి ఇచ్చాడు. ఎందుకంటే మీరు ఐగుప్తులో దాసులుగా ఉన్నారు, గుర్తుంచుకోండి అన్నాడు. అలసిపోయిన మనిషికి దొంగలెక్క చాలా సులువుగా వస్తుంది.

ఏలీయా ప్రవక్త చచ్చిపోతానని పడుకుంటే (1 రాజులు 19) దూత ప్రసంగం చేయలేదు. తిండి పెట్టి పడుకోనిచ్చాడు. మళ్లీ లేపి మళ్లీ పెట్టాడు. "నీకిక్కడ ఏం పని?" అని దేవుడు అడిగింది ఆ తర్వాతే.

ఇక పడుకుంటాను.

---

గోడగడియారం · మంగళవారం మధ్యాహ్నం 1:10

సిస్టర్, మీ చార్టు సంగతి చదివి అన్నం ముందు కాసేపు అలాగే కూర్చున్నాను.

టైమ్ ఇచ్చారా అని అడిగారు. నిజం చెప్పాలంటే మొదట్లో లేదు. కొత్త మెషిన్ వచ్చాక పని తగ్గింది, ఇప్పుడు టైమ్ ఉంది. అలవాటు మాత్రం ఉండిపోయింది. ఆ మిగిలిన టైమ్‌లో ఫోన్‌లో ఆదివారం పాటలు ఎంచుకుంటుంటాను. ఇది రాస్తుంటే చెవులు వేడెక్కుతున్నాయి.

---

తూకంరాయి · మంగళవారం రాత్రి 9:30

పేరు చూసి నవ్వకండి, ఈ చర్చ మొదలవకముందు నుంచే నా పేరు ఇది. షాపు నడుపుతాను.

నాలుగేళ్ల క్రితం దొంగ బిల్లులు మానేశాను. సాక్ష్యాల్లో అయితే ఆ తర్వాత దేవుడు రెండింతలు ఇచ్చాడని చెప్తారు. నాకు ఇవ్వలేదు. పెద్ద కస్టమర్లు ఇద్దరు పోయారు, తిరిగి రాలేదు. ఏడాదిన్నర బాగా ఇబ్బంది పడ్డాం. మా ఆవిడ ఏమీ అనలేదు గానీ, అనకపోవడమూ వినపడుతుంది కదా. ఇప్పుడు పరవాలేదు. అంతే.

ఒక తేడా మాత్రం ఉంది. ఇదివరకు ఫోన్ మోగితే అవతల ఎవరు, వాళ్లకు నేనేం చెప్పాను, ఏ లెక్క చూపించాను అని ముందు తలలో వెతుక్కునేవాణ్ణి. ఇప్పుడు ఎత్తి మాట్లాడేస్తాను. ఎవరికి ఏం చెప్పానో గుర్తుపెట్టుకునే పని తప్పింది. జేబులో డబ్బు తగ్గింది, బుర్రలో చోటు మిగిలింది.

ఇది చెప్పడం ఎందుకంటే, "సరిగా చేయండి, దేవుడు ఆశీర్వదిస్తాడు" అని ఎవరైనా అంటే ఆ ఆశీర్వాదం ప్రమోషన్ రూపంలో వస్తుందనుకుని మొదలుపెట్టకండి.

---

ఇసుకతాపీ · బుధవారం ఉదయం 7:00

మేస్త్రీని. బైబిల్‌లో దేవుని ఆత్మతో నింపబడ్డాడని పేరు పెట్టి చెప్పిన మొట్టమొదటి మనిషి ప్రవక్తా కాదు, యాజకుడూ కాదు. పనివాడు. బెసలేలు, నిర్గమకాండం 31:3. బంగారం, రాయి, కర్ర పని చేసేందుకు దేవుడు ఆత్మతో నింపాడు. సంఘంలో ఈ ముక్క ఎవరూ చెప్పరు.

---

అనుమానం_తోమా · బుధవారం ఉదయం 7:40

మేస్త్రీ గారూ, చిన్న సవరణ. ఆదికాండం 41:38లో ఫరో యోసేపును "దేవుని ఆత్మగల మనిషి" అంటాడు.

---

ఇసుకతాపీ · బుధవారం ఉదయం 7:52

అది ఫరో అన్న మాట. "నా ఆత్మతో నింపాను" అని దేవుడే మొదట పేరు పెట్టి అన్నది బెసలేలు గురించే. అయినా యోసేపు చేసింది మాత్రం ఏంటి, ధాన్యం లెక్కలే కదా? అదీ నా వాదనకే బలం :)

---

మోడరేటర్ · బుధవారం ఉదయం 9:15

ఇద్దరూ గెలిచారు. అసలు విషయం మీదకు వద్దాం.

---

చిన్నకూతురు · బుధవారం మధ్యాహ్నం 3:25

పాస్టర్ గారి అమ్మాయిని. ఈ "సంపూర్ణ జీవితం" అన్న మాటంటే నాకు కొంచెం భయం. విన్నవాళ్లు దాన్ని ఇలా అర్థం చేసుకుంటారు: ఇన్నాళ్లు దేవుడి మాట ఆదివారమే ఎత్తాను, ఇకనుంచి ఆఫీసులోనూ ఎత్తుతాను. కంప్యూటర్ మీద వాక్యం స్టిక్కర్, మెయిల్ చివర వాక్యం, ప్రతి మాటకూ "ప్రభువు చిత్తమైతే". ముక్కలు కలవడం కాదది. ఉన్న వేషాన్ని ఇంకో గదిలోకి మోసుకెళ్లడం.

మా నాన్నగారు ఆఖరి రోజుల్లో కూడా ఇంట్లో వాక్యం తక్కువే మాట్లాడేవారు. కానీ పొరపాటున మా తమ్ముణ్ణి కొట్టినరోజు, మా అందరి ముందూ వాడి ఎత్తుకు కిందికి కూర్చుని "నాది తప్పురా" అన్నారు. తమ్ముడికి ఆరేళ్లు. వాడు ఏం చేయాలో తెలియక, "సరే, లే నాన్నా" అన్నాడు. ఆ తర్వాతి ఆదివారం ఆయన క్షమాపణ మీద ప్రసంగిస్తుంటే నేను మొదటిసారి పూర్తిగా విన్నాను. అప్పటిదాకా కాళ్లూపుకుంటూ కూర్చునేదాన్ని.

మన భాషలోనే ఈ పగులు ఉంది, గమనించారా? "మీరు సేవలో ఉన్నారా, ఉద్యోగంలో ఉన్నారా?" అని అడుగుతాం. ఉద్యోగం సేవ కాదని ఆ ప్రశ్నలోనే తేల్చేశాం.

---

పాతబల్ల · బుధవారం సాయంత్రం 5:50

అమ్మా, ఆ పగులు పాతదే. 4వ శతాబ్దంలో కైసరయ బిషప్ యూసేబియస్ సంఘంలో రెండు రకాల బతుకులున్నాయని రాశాడు. ఒకటి పెళ్లి, ఆస్తి, వ్యాపారం వదిలి పూర్తిగా దేవునికి అంకితమైనది. రెండోది పొలం, దుకాణం, సంసారం చూసుకునేవాళ్లది, అది రెండో తరగతి. లోకం నుంచి విడిపోవడమే పవిత్రత అన్న ఆలోచన అలా పాతుకుపోయింది. 1520లో సంఘ సంస్కర్త మార్టిన్ లూథర్ దాన్ని ఎదిరించి, చెప్పులు కుట్టేవాడు, కమ్మరి, రైతు ఎవరి పని వారు చేస్తూనే అందరూ యాజకులే అన్నాడు. మనం లూథర్ పేరు చెప్పుకుంటూ యూసేబియస్ లెక్క ప్రకారం బతుకుతున్నాం.

అలాగని మఠాలవాళ్లందరినీ ఒకే గాటన కట్టకూడదు. 6వ శతాబ్దంలో బెనెడిక్ట్ తన మఠానికి రాసిన నియమావళి 31వ అధ్యాయంలో, సామాన్ల గది చూసుకునేవాడు అక్కడి పాత్రలన్నిటినీ బలిపీఠం మీది పాత్రల్లాగే చూడాలని ఉంటుంది. స్టోర్‌కీపర్‌కు రాసిన రూలది! గోడగడియారం గారు దాన్ని వాళ్ల స్టోర్ గోడకు అంటించుకోవచ్చు. (స్టిక్కర్ కాదు చిన్నకూతురు గారూ, కోప్పడకండి.)

17వ శతాబ్దంలో పారిస్‌లో కార్మెలైట్ సన్యాసుల మఠంలో బ్రదర్ లారెన్స్ అని ఒకాయన ఉండేవాడు. వంటింట్లో వేశారు. ఆయనకు వంటపని సహజంగా ఇష్టం లేదు. తర్వాత చెప్పులు బాగుచేసే పని ఇచ్చారు. ప్రార్థన వేళకూ పని వేళకూ తనకు తేడా లేదని ఆయన అన్న మాట అందరూ ఎత్తిచూపుతారు. అక్కడికి చేరడానికి ముందు ఏళ్ల తరబడి అవస్థ పడ్డాడని మాత్రం చెప్పరు. రోజూ మనసు ఎటో పోతుంటే వెనక్కి తెచ్చుకోవడం, మళ్లీ పోతే మళ్లీ తెచ్చుకోవడం. "ఏకదృష్టి కలుగజేయుము" అని 86వ కీర్తనలో దావీదు అడిగాడు. తనకు ఉన్నదైతే అడగడు కదా.

---

అనుమానం_తోమా · బుధవారం రాత్రి 10:20

లారెన్స్ లాంటి మంచివాళ్ల కథలు నాకు అంతగా పనిచేయవు. నాకు పనికొచ్చేది "అమేజింగ్ గ్రేస్" పాట రాసిన జాన్ న్యూటన్ కథ.

1748లో తుఫానులో ఓడ మునిగిపోబోతుంటే దేవుణ్ణి పిలిచాడు. ఆ రోజును బతికున్నంతకాలం ఏటా స్మరించుకున్నాడు. ఇంతవరకు అందరికీ తెలుసు. ఆ తర్వాత ఏం చేశాడు? 1750 నుంచి 1754 వరకు బానిసల ఓడకు కెప్టెన్. పైన డెక్ మీద ఆదివారాలు నావికులకు ఆరాధన నడిపేవాడు. కింద గొలుసుల్లో మనుషులు. ఆరాధనకూ గొలుసులకూ మధ్య ఒక చెక్కపలక, అంతే. ఓడలు మానింది కూడా మనసు మారి కాదు, ఆరోగ్యం చెడి. 1764లో పాస్టర్ అయ్యాడు. ఆ వ్యాపారం గురించి బయటపడి రాసింది 1788లో. మారుమనస్సు పొందిన నలభై ఏళ్లకు!

దీన్ని రెండు రకాలుగా చదవచ్చు. ఒకటి, భక్తి పూర్తిగా నిజమైనదై ఉండి కూడా మనిషి కళ్లకు పొర ఉండొచ్చు. నన్ను భయపెట్టేది అదే. ఆయన నటించలేదు, గోడగడియారం పాట నటన కానట్టే. రెండోది, ఆలస్యంగానైనా నోరు విప్పాడు, అదీ తన పేరుతో, తన నేరంగా.

---

చిన్నకూతురు · బుధవారం రాత్రి 10:47

ఇంకొక ముక్క చేర్చాలి. 1785లో విల్బర్‌ఫోర్స్ అనే కుర్ర ఎంపీ, విశ్వాసంలోకి వచ్చిన కొత్తలో, రాజకీయం వదిలి పాస్టర్ అవ్వాలా అని న్యూటన్ దగ్గరకు రహస్యంగా వెళ్లాడు. ఉన్నచోటే ఉండమన్నాడు న్యూటన్. బ్రిటన్ బానిసల వ్యాపారాన్ని నిషేధించిన చట్టం 1807లో వచ్చింది. అదే ఏడాది డిసెంబర్‌లో న్యూటన్ చనిపోయాడు. తన బతుకులో కలపలేకపోయినదాన్ని ఇంకొకరి బతుకులో విడిపోనివ్వలేదు అనిపిస్తుంది నాకు.

---

కొత్తచిగురు · గురువారం ఉదయం 6:45

నేను మొదట రాసింది తొందరపాటేమో. కానీ ఒకటి అడగాలి. మరి అన్నయ్య ఈ ఆదివారం పాటలు నడిపించడం మానేయాలా? మత్తయి 5:23–24లో అర్పణ బలిపీఠం దగ్గర విడిచి వెళ్లమన్నాడు కదా.

---

ఇసుకతాపీ · గురువారం ఉదయం 7:05

మానాలి. తప్పుందని తెలిసి స్టేజీ ఎక్కడం ఏం బాగుంటుంది?

---

అనుమానం_తోమా · గురువారం ఉదయం 7:30

ఒక్క నిమిషం. స్టేజీ దిగిపోయి ఇన్‌స్పెక్షన్ బల్ల దగ్గర మామూలుగా కూర్చుంటే, స్టేజీ పవిత్రం, బల్ల కాదు అని మళ్లీ అదే ఒప్పుకున్నట్టు. పాట మానడం తేలిక. నాలుగు వారాలు మౌనంగా కూర్చుంటే "పాపం, ఎంత నలిగిపోయాడో" అంటారు. దిగాల్సిన చోటు దొంగ అంకెలు.

---

పాతబల్ల · గురువారం ఉదయం 8:10

ఆ వాక్యంలో అర్పణ అక్కడే "విడిచి" వెళ్లమన్నాడు, ఇంటికి పట్టుకుపొమ్మనలేదు. సరిచేసుకుని మళ్లీ రావాలి. అందువల్ల ఆపాలా వద్దా అన్నది అంత పెద్ద ప్రశ్న కాదు, మీ పాస్టర్ అయ్యగారితో మాట్లాడితే తేలిపోతుంది. పెద్ద ప్రశ్న వేరే ఉంది, దాన్ని ఇక్కడ ఎవరూ ఎత్తలేదు. ఇంతవరకు సంతకం పెట్టిన లాట్‌ల సంగతేంటి? సుంకరి జక్కయ్య "ఇకనుంచి సరిగా వసూలు చేస్తాను" అని ఊరుకోలేదు, అన్యాయంగా తీసుకున్నది నాలుగంతలు తిరిగిస్తానన్నాడు.

---

గోడగడియారం · శుక్రవారం రాత్రి 11:30

మొన్నటి నుంచీ జరిగింది రాస్తాను. పెద్దగా ఉంటుంది, ఓపిక పట్టండి.

గురువారం ఒక లాట్ వచ్చింది. కుర్రాణ్ణి పిలిచి ఇరవై తీయమన్నాను. మామూలుగా పెట్టె పైవరసలో చేతికందినవి తీస్తాం. ఈసారి పెట్టె బోర్లించమన్నాను. వాడు నన్ను అదోలా చూశాడు. నేను కొలుస్తూ చెప్తుంటే వాడు రాశాడు. లిమిట్ 25.00 నుంచి 25.05. మొదటి ఎనిమిదీ చక్కగా ఉన్నాయి. తొమ్మిది, పది, బాగున్నాయి. నిజం చెప్పొద్దూ, "చూశావా, అనవసరంగా" అనుకున్నాను లోపల. పద్నాలుగోది 25.07. మళ్లీ కొలిచాను, వెర్నియర్ జీరో చూసుకుని మళ్లీ కొలిచాను. 25.07. పదిహేడోది 25.08.

వాడు పెన్ను ఎత్తి పట్టుకుని ఆగిపోయాడు. "అన్నా, ఏం రాయమంటావ్?" అన్నాడు.

"ఉన్నదే రాయి" అన్నాను. ఆ రెండు మాటలు పలకడానికి నాకు ఎంత సేపు పట్టిందో వాడికి తెలియదు.

లాట్ ఆగింది. ప్రొడక్షన్ వాళ్లు అరిచారు. సప్లయర్ ఫోన్ చేసి, "ఇన్నేళ్లలో ఎప్పుడూ రానిది ఇప్పుడే వచ్చిందా?" అన్నాడు. దానికి నా దగ్గర జవాబు లేదు. ఎప్పుడూ రాలేదో, ఎప్పుడూ చూడలేదో ఎవరికి తెలుసు? పాతబల్ల గారు అడిగిన ప్రశ్నే అతని నోటి నుంచి ఇంకోలా వచ్చింది.

రాత్రి అయ్యగారి దగ్గరకు వెళ్లాను. మొత్తం చెప్పాను. ఆయన పాటల గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. "ఆ కుర్రాడికి చెప్పావా?" అన్నాడు. నాకు మొదట అర్థం కాలేదు. "నీకు తప్పు అనిపించిందని వాడికి తెలుసా, లేక కొత్త రూల్ వచ్చిందనుకుంటున్నాడా?" అన్నాడు.

ఈరోజు టీ టైమ్‌లో చెప్పాను. పోయిన నెల నీకు నేర్పింది తప్పురా, నేనే తప్పు చేస్తూ నీకు నేర్పాను అని. వాడు కప్పు వంక చూస్తూ, "అయితే నేను పెట్టిన షీట్లు కూడా పట్టుకుంటారా అన్నా?" అన్నాడు. వాడికి ఉద్యోగం కొత్త. వాడి భయం చూశాక నా నేరభావన నాకే విలాసంలా అనిపించింది.

మధ్యాహ్నం మేనేజర్‌కి చెప్పాను. మూడు నెలల షీట్లు నమ్మదగ్గవి కావని, కుర్రాడు చేసినవి నేను చెప్తే చేసినవని. ఇంకా ముందువీ ఉన్నాయని చెప్పబోతుంటే చెయ్యి ఎత్తి ఆపాడు. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత తలుపు వేసి రమ్మన్నాడు. తిట్టలేదు. "ఇది నీ ఒక్కడితో ఆగేది కాదు, తెలుసా?" అన్నాడు. ఆయన గొంతులో కోపం కంటే అలసట ఎక్కువ ఉంది. ఆయన కూడా ఎక్కడో సంతకాలు పెట్టే ఉంటాడు.

సోమవారం మీటింగ్ పెట్టారు. ఏమవుతుందో తెలియదు. ఇంట్లో చెప్పాను. తూకంరాయి గారూ, మీరు చెప్పిన ఆ "అనకపోవడం" మా ఇంట్లోనూ మొదలైంది.

---

తూకంరాయి · శుక్రవారం రాత్రి 11:48

అది కొన్నాళ్లు ఉంటుంది. ఆవిడ దగ్గర లెక్కలు దాచకండి. ఎంత ఉంది, ఎన్ని నెలలు నెట్టుకురావచ్చు, కాగితం మీద వేసి చూపించండి. నేను ఆ పని ఆలస్యంగా చేశాను.

---

ఇసుకతాపీ · శనివారం ఉదయం 6:30

స్టేజీ ఎక్కొద్దని రాసింది నేనే. ఎక్కండన్నా.

---

కొత్తచిగురు · శనివారం ఉదయం 8:20

అన్నయ్యా, నేను సోమవారం ఉపవాసం ఉంటున్నాను. తోమా గారు ఏమన్నా సరే :)

---

అనుమానం_తోమా · శనివారం ఉదయం 8:31

ఏమీ అనను. నేనూ ఉంటాను.

---

గోడగడియారం · ఆదివారం సాయంత్రం 4:15

పాడాను. రెండో పాటలో గొంతు పట్టేసి ఒక చరణం మర్చిపోయాను, సంఘమంతా నాకోసం పాడేసింది. కుర్రాడు వచ్చాడు, వెనక కూర్చున్నాడు. అయ్యాక దగ్గరకొచ్చి ఈసారి పాట గురించి ఏమీ అనలేదు. "రేపు మీటింగ్‌కి నేను కూడా రావాలా అన్నా?" అన్నాడు. వద్దన్నాను. వస్తానన్నాడు.

---

నైట్‌డ్యూటీ · ఆదివారం సాయంత్రం 6:40

ఎన్నింటికి మీటింగ్?

---

గోడగడియారం · ఆదివారం సాయంత్రం 6:52

11కి.

---

నైట్‌డ్యూటీ · ఆదివారం సాయంత్రం 6:55

రాత్రి డ్యూటీ ఉంది, మామూలుగా ఆ టైమ్‌కి నిద్రలో ఉంటాను. రేపు 11కి లేచే ఉంటాను.